భీమేశ్వరం ఇల్లు చేరిన విధానం

ఫోను ఎక్కడ "మీరు గమ్యం చేరుకున్నారు" అంటే మనిషి వెళ్లవలసిన చోటు అదేనని చట్టం వచ్చిన తొమ్మిదో నెలలో, గెద్దాడ భీమేశ్వరం పరీక్ష నిమిత్తం తణుకులోని సొంత ఇంటికి బయలుదేరి, అత్తిలిలో వేరేవాళ్ల ఇంటికి చేరుకున్నాడు.

భీమేశ్వరం ఇరవై రెండేళ్లు బస్సు నడిపిన మనిషి. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఏ రోడ్డు ఎక్కడ కుంగిందో, ఏ కాలవ వంతెన మీద లారీ పట్టదో అతనికి తెలుసు. అది చూసే, దారిచూపు పరీక్షల విభాగం వాళ్లు అతన్ని పనిలోకి తీసుకున్నారు. ఆఫీసు కారులో ఫోను ఎదురుగా పెట్టుకుని, అది చెప్పినట్టల్లా తిప్పుతూ పోయి, చేరాక మూడు పేజీల ఫారంలో ఫోనును ఎంతవరకు నమ్మవచ్చో రాయాలి. చట్టం ప్రకారం ఫోను తప్పు చెప్పే అవకాశం లేదు. అయినా పరీక్ష జరిగి తీరాలని కూడా ఆ చట్టంలోనే ఉంది.

మొదట్లో భీమేశ్వరం తప్పులు రాసేవాడు. తహసీల్దారు కార్యాలయానికి బయలుదేరితే ఫోను చేపల మేత దుకాణం ముందు ఆపిందని రాశాడు. విభాగం వెంటనే చర్య తీసుకుంది. ఇప్పుడు ఆ దుకాణంలో మేత బస్తాల పక్కన బల్ల వేసి ఆదాయ ధ్రువీకరణ పత్రాలు ఇస్తున్నారు. పాత కార్యాలయంలో కన్నా పని తొందరగా అవుతోందని జనం చెప్పుకుంటున్నారు. ఒక పెళ్లి బృందం ముహూర్తం వేళకు హోమియో క్లినిక్‌కు చేరిందని రాశాడు. అక్కడి డాక్టరుగారు మంత్రాలు నేర్చుకున్నారు.

ఇలా పదకొండు తప్పులు పోగయ్యాక సూపరింటెండెంటు జోగారావు అతన్ని పిలిపించాడు.

"అది తప్పు చోటని నీకెలా తెలుసయ్యా?"

"చూత్తే తెలుత్తంది కదండీ."

"చూడ్డానికి ఫారంలో గడి లేదు. పోనీ, నువ్వు పొరబాటు పడ్డానికి వీల్లేని చోటు ఏదైనా ఉందా?"

"మా ఇల్లుందండి. రైసు మిల్లు ఎనకాల. ఇరవై ఆరేళ్ల నించీ అక్కడే ఉంటన్నాం."

"అయితే దాన్నే పరీక్షించు. తేడా వస్తే పైకి నేనే రాస్తాను."

మధ్యాహ్నం మూడింటికి బయలుదేరే ముందు భీమేశ్వరం భార్య మంగతాయారుకు ఫోన్ చేసి, నాలుగింటికల్లా వచ్చేస్తాను, కాఫీ పెట్టమన్నాడు. తణుకు పొలిమేరలో రోడ్డు చీలిన చోట అతని చేతులు వాటంతటవే ఇంటి వైపు తిరగబోయాయి. ఫోను రెండోవైపు వెళ్లమంది. ఫారం గుర్తొచ్చి చేతుల్ని ఆపుకున్నాడు. ఆ తర్వాత పన్నెండు కిలోమీటర్లు నడిపించి, అత్తిలిలో నీలం గేటున్న ఒక ఇంటి ముందు, గమ్యం చేరుకున్నారంది ఫోను.

యాభై ఏళ్ల ఆవిడ చేతులు పమిటకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. పేరు రత్నమాణిక్యం.

"వచ్చేసేరా! ఇంకా రాలేదేటా అని చూత్తన్నానండి. కాళ్లు కడుక్కోండి."

"అమ్మా, ఇది మా ఇల్లు కాదండి."

"మొదట్లో అందరూ అలాగే అంటారండి." ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. "మా ఆయన మంగళారం ఇంటికని బయల్దేరి నరసాపురం చేరుకున్నారు. ఆయనా అక్కడ ఇలాగే అన్నారంట. ఇప్పుడు బానే ఉన్నారు. వాళ్లింట్లో రొయ్యల ఇగురు బాగా వండుతారంటండి."

ఫారం మూడో పేజీలో, ప్రయాణికుడు చేరినట్టు ఇంటివారు సంతకం చెయ్యాలి. ఆవిడ గేటు మీదే ఆనించి గుండ్రంగా సంతకం పెట్టింది. భీమేశ్వరం పక్కకు వెళ్లి మంగతాయారుకు ఫోన్ చేశాడు.

"ఏమేవ్, నేను అత్తిల్లో తేలాను."

అవతల ఆవిడ గొంతు తగ్గించింది. "ఇక్కడ మీరు వచ్చేసేరండి. నాలుగూ పదికి. కాఫీ తాగుతున్నారు."

"నేనా?"

"భీమడోలు మడిసంట. ఇంటికనే బయల్దేరేరంట, పాపం."

భీమేశ్వరం ఫోను కట్టేసి సీటు మీద బోర్లించాడు. కట్టేయడం నేరమేమీ కాదు, కాకపోతే ఎవరూ ఆ పని చెయ్యరు. తొమ్మిది నెలల తర్వాత మొదటిసారి తనకు తెలిసిన దారిన తాను నడిపాడు. ప్రతి మలుపూ అది ఉండవలసిన చోటే ఉంది. రైసు మిల్లు పొగగొట్టం కనబడగానే అతని గుండె బరువు దిగిపోయింది. ఎవరూ చెప్పకుండానే చేరుకున్నాడు.

మంగతాయారు గుమ్మంలోకి వచ్చింది. ఆమె వెనక, భీమేశ్వరం లుంగీ కట్టుకున్న సన్నపాటి మనిషి గ్లాసుతో మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"తాయారూ, నేనే."

ఆమె అతన్ని నిలువునా చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "తెలుత్తందండి. మెడ మీద పుట్టుమచ్చతో సహా కనపడతంది." తన ఫోను తీసి చూపించింది. "ఇందులో మాత్రం మీరు అత్తిల్లో ఉన్నారు. ఆవిడ సంతకం కూడా పెట్టేసిందంట. ఇప్పుడు మిమ్మల్ని లోపలికి రమ్మంటే, ఈయన ఎక్కడికి చేరుకున్నట్టండి?"

పరీక్షకుడు కనుక భీమేశ్వరానికి జవాబు తెలుసు. ఎక్కడికీ చేరుకోని మనిషికి ఫారం లేదు.

"మా ఇంట్లోనూ ఎవరో ఉన్నారండి," అన్నాడు సన్నపాటి మనిషి, తప్పు చేసినవాడిలా. "ఫోన్ చేసేను. మా కుక్క కూడా ఆయన కాళ్ల దగ్గరే పడుకుందంట."

మంగతాయారు లోపలికి వెళ్లి రెండు చొక్కాలు, బీపీ మాత్రలు సంచిలో పెట్టి తెచ్చింది.

"మాత్ర అన్నం తిన్నాక ఏసుకోండి. మీకు వంకాయ పడదని ఆవిడకి చెప్పండి. మొహమాటపడి తినెయ్యకండి."

భీమేశ్వరం సంచి తీసుకున్నాడు. కారులో కూర్చుని, ఫోను తెరిచి, 'ఇల్లు' అని అడిగాడు. అత్తిలి, ఇరవై నాలుగు నిమిషాలు అంది. వంకాయ సంగతి రత్నమాణిక్యం శ్రద్ధగా విని, ఆ పూట బీరకాయ వండింది. భోజనమయ్యాక అతను ఫారం ముందేసుకున్నాడు. తేడా అన్న గడిలో 'లేదు' అనీ, నమ్మకం అన్న గడిలో 'నూటికి నూరు' అనీ రాశాడు. మర్నాడు జోగారావు దాని మీద సంతకం చేస్తూ, ఇంట్లో అంతా కులాసాయేనా అని అడిగాడు.

"బానే ఉన్నామండి," అన్నాడు భీమేశ్వరం.

నెల తిరక్కుండా మరో పరీక్షలో ఫోను అతన్ని రైసు మిల్లు వెనక వీధిలోంచి తీసుకెళ్లింది. మంగతాయారు అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. కారును గుర్తుపట్టి, చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. భీమేశ్వరం కాలు దానంతటదే బ్రేకు మీదకు వెళ్లింది. నేరుగా వెళ్లమంది ఫోను. వీధి ఇరుకు కావడంతో వెనక అరడజను బళ్లు ఆగిపోయి హారన్లు మోగించాయి. భీమేశ్వరం అద్దంలో చూశాడు. వాళ్లంతా ఫోన్లలోకే చూస్తున్నారు. ఆఫీసులు విడిచే వేళ. పాపం, వాళ్లూ ఇళ్లకే వెళుతున్నారు. అతను బ్రేకు మీంచి కాలు తీసి వాళ్లకు దారి వదిలాడు.