మెదడులో నలభై అడుగుల రోడ్డు

ఎల్బీనగర్ వెనక కొత్తగా వెలసిన విజ్ఞానపురి కాలనీలో మెదళ్ళ వర్గీకరణ 1985 జూన్ రెండో ఆదివారం ఉదయం పది గంటలకు మొదలై, మధ్యలో ఉప్మాకు ఓ అరగంట ఆగి, ఒంటిగంటకల్లా జయప్రదంగా ముగిసింది. ఎవరి మెదడుకూ నొప్పి కలగలేదు.

ఈ శాస్త్రీయ కార్యక్రమాన్ని నిర్వహించినవారు చక్రపాణి గారు. దిల్‌సుఖ్‌నగర్‌లో స్టీలు సామాన్ల దుకాణం పైన రెండు గదుల్లో ఆయన కోచింగ్ సెంటర్ ఉంది. కింద గిన్నెలు మోగుతుంటే పైన త్రికోణమితి నడుస్తుంది. ఆయనను పిలిపించినవారు కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు వెంకట్రావు గారు. ఇద్దరిదీ కృష్ణా జిల్లాయే కనుక విజ్ఞానం ఒకరి నుంచి ఒకరికి సులువుగా పారింది.

“మెదడంటే ఏమిటండీ? ఒక లేఅవుట్,” అన్నారు చక్రపాణి గారు, షామియానా గుంజకు కాలనీ ప్లాను తగిలించి. “నరాలు రోడ్లు. ఆలోచనలు బండ్లు. బండి కుడికి తిరగొచ్చు, ఎడమకు తిరగొచ్చు, వెనక్కీ రావచ్చు. కానీ రోడ్డు వేసినచోటే తిరగాలి. ఆ రోడ్డు చిన్నప్పుడే పడిపోతుంది. తర్వాత దేవుడు దిగివచ్చినా వెడల్పు చెయ్యలేడు.”

సభ చప్పట్లు కొట్టింది. అందరూ రోడ్డు వెడల్పు చూసే ప్లాటు కొన్నవారు కాబట్టి విషయం వెంటనే అర్థమైంది.

శాస్త్రం ప్రకారం ఇంగ్లీషు మీడియం మెదడు తారురోడ్డు. పట్నంలో తెలుగు మీడియం కంకరరోడ్డు. పల్లెటూరి బడిలో చదివిన మెదడు బండ్ల బాట. కోచింగ్ సెంటర్‌లో లెక్కల బ్యాచి తారురోడ్లకే. అయినా ఎవరికీ అన్యాయం జరగరాదని ఒక పరీక్ష పెట్టారు. ప్రశ్న ఒక్కటే. పిల్లలకు తలా ఒక ప్లాను ఇచ్చి, సంఘం ఆఫీసు నుంచి మెయిన్ రోడ్డుకు దగ్గరి దారి గీయమన్నారు.

పరీక్ష రాసిన ఇరవై ముగ్గురిలో మణెమ్మ చివరి వరుసలో కూర్చుంది. హయత్‌నగర్ అవతల మేనమామ ఊళ్ళో ఉండి, అక్కడి బడిలో పది ఫస్టుక్లాసులో పాసై వచ్చిన పిల్ల. ఈ కాలనీ అంతా ఒకప్పుడు వాళ్ళ తాత జొన్నచేను. ఇప్పుడు చివర మిగిలిన పెంకుటిల్లు వాళ్ళది. ప్లానులో అది లేదు. ఎవరైనా పేరడిగితే మణెమ్మకు గొంతు పెగలడానికి ఓ నిమిషం పట్టేది. లెక్కలు మాత్రం అంతసేపు పట్టేవి కావు. వాళ్ళ నాయన నర్సింహ ముందే చెప్పేశాడు, సీటొస్తే చదువు, రాకుంటే బర్లు.

ప్లానులో ఆఫీసు నుంచి మెయిన్ రోడ్డు దాకా నలభై అడుగుల రోడ్డు గీత గీసినట్టు ఉంది. నేల మీద మాత్రం దానికి అడ్డంగా వెంకట్రావు గారి కారు షెడ్డు, దాని గోడ ఉన్నాయి. కారు ఇంకా కొనలేదు. షెడ్డు ముందుజాగ్రత్త.

ఆ దారినే నర్సింహ తల్లి బుచ్చవ్వ మేపే నాలుగు బర్లు మెయిన్ రోడ్డు అవతలి కుంటకు పోయేవి. గోడ లేచిన మొదటిరోజు అవి పొద్దుగూకేదాకా గోడను చూస్తూ నిలబడ్డాయి. రెండోరోజూ అంతే. మూడోరోజు ఒంటికొమ్ము బర్రె పక్కకు తిరిగి, ట్రాన్స్‌ఫార్మర్ వెనకగా, ప్లానులో పార్కు అని రాసివున్న కంకరకుప్పను చుట్టి మెయిన్ రోడ్డెక్కింది. మిగతావి దాని వెంట నడిచాయి. వారం తిరిగేసరికి వాటి వెంట పోస్టుమ్యాను, బడిపిల్లలు, బ్రీఫ్‌కేసుతో వెంకట్రావు గారు నడిచారు. గడ్డి అరిగి చక్కని బాట పడింది.

మణెమ్మ ఆ బాటను గీసి బండ్ల బాటల్లో పడింది. ఇరవై ఇద్దరు నలభై అడుగుల రోడ్డు గీసి తారురోడ్లయ్యారు. వెంకట్రావు గారి అమ్మాయి సూర్యప్రభ స్కేలు పెట్టి గీసి మొదటి ర్యాంకు తెచ్చుకుంది. ఆ అమ్మాయి కూడా రోజూ బర్ల బాటనే బడికి పోతుంది. అది పరీక్షలో రాయకూడదని ఆమెకు తెలుసు. తారురోడ్డు మెదడంటే అదే.

బుచ్చవ్వ కొంగు నడుముకు చెక్కుకుని సభలో లేచింది. “సారూ, గా రోడ్డు మీద షెడ్డున్నది గద. పిల్ల ఎట్ల పోవాలె?”

“ప్లానులో షెడ్డు ఉందా అవ్వా?” అన్నారు వెంకట్రావు గారు సౌమ్యంగా.

“లేదు.”

“మరి?”

సభ మళ్ళీ చప్పట్లు కొట్టింది.

చక్రపాణి గారు దండ మెడలో ఉండగానే స్కూటరెక్కి, నలభై అడుగుల రోడ్డున సాగి, షెడ్డు గోడ ముందు ఆగారు. హారన్ కొట్టారు. గోడ కదల్లేదు. మళ్ళీ కొట్టారు. “నా బర్లకు మూడు దినాలల్ల సమజైంది. గీ సారుకు ఎన్ని దినాలు పడ్తదో,” అని బుచ్చవ్వ మనవరాలిని పంపింది. మణెమ్మ ముందు నడిచి ఆయనను మెయిన్ రోడ్డెక్కించింది.

“బావుందే ఈ దారి! ఎవరు వేశారమ్మాయ్?”

మణెమ్మకు ఓ నిమిషం పట్టింది. “ఎవ్వరెయ్యలే సారూ. నడిచినం, అయింది.”

ఆయన జేబుపుస్తకం తీసి రాసుకున్నారు. రాసుకున్నది తన పేరే అనుకుని మణెమ్మ వారంపాటు పోస్టుమ్యాను కోసం చూసింది. తర్వాత బర్ల వెంట పోయింది. ఏడాదిలో ఆ నాలుగింటినీ మేపుతూనే లెక్కల పుస్తకం రెండుసార్లు ముగించింది.

మరుసటి జూన్‌లో చక్రపాణి గారు తమ నూతన పరిశోధనను వెల్లడించారు. మెదడులో నలభై అడుగుల రోడ్డుతో పాటు, కంకరకుప్ప వెనకగా మరొక దారి కూడా ఉన్నట్టు తేలిందట. జవాబుల కీని సవరించి ముందుగానే పిల్లలకు పంచారు. తారురోడ్లు ఆ మలుపులన్నీ కంఠస్థం చేశాయి. జనం బాగా నడుస్తున్న బాట కాబట్టి, ఈలోగా సంఘం దాన్ని ప్లాట్లు చేసి అమ్మి, గోడ కట్టించింది.

మణెమ్మ మళ్ళీ పరీక్ష రాసింది. పొద్దున తను బర్లతో వచ్చిన దారి, నీళ్ళ పైపు కోసం తవ్విన కాలువ గట్టు వెంట, పడిపోయిన రాతిగోడ సందులోంచి, ఉన్నదున్నట్టు గీసింది. ఫలితం బండ్ల బాట. రిమార్కులో ‘ఎదుగుదల లేదు’ అని రాశారు.

సభ ముగిశాక చక్రపాణి గారు తమ పరిశోధన చూపిన దారిన స్కూటరు నడిపి, కొత్త గోడ ముందు ఆగి హారన్ కొట్టారు. బర్లు కాలువ గట్టు వైపు తిరుగుతున్నాయి. వాటి వెనక మణెమ్మ. ఆమె చేతి నోటుబుక్కులో సర్కారు కాలేజీ దరఖాస్తు మడిచి ఉంది. బుచ్చవ్వే అన్నం ముట్టనని రెండు పూటలు కూర్చుని తన కొడుకు నర్సింహ చేత సంతకం పెట్టించింది. ఆ కాగితంలో మార్కులు అడిగారు గానీ మెదడు సంగతి ఎక్కడా అడగలేదు.

“అమ్మాయ్, దారెటు?” అన్నారు చక్రపాణి గారు.

ఈసారి మణెమ్మకు నిమిషం పట్టలేదు. “కీల ఉంటది, చూడుండ్రి సారూ.”

ఆయన నిజంగానే సంచిలోంచి కీ తీసి, సీటు మీద పరిచి చదవసాగారు. వెనక తారురోడ్డు మెదళ్ళు ఇరవై రెండూ తల్లిదండ్రుల స్కూటర్ల మీద వచ్చి ఆగాయి. వాళ్ళ వెనక మరికొందరు. ముందేం జరుగుతోందని ఒక్కరూ అడగలేదు, అందరూ హారన్ కొట్టారు. చదువుతున్న మీకు కూడా అది వినపడుతుంటే, ఒకసారి మీ చెయ్యి ఎక్కడుందో చూసుకోండి.