మాట వినని టీవీ

ఆదివారం పొద్దున్న కుర్చీలోంచి లేవకుండా టీవీ చూడాలి. గిరిధరరావు పెట్టుకున్న పని ఇదొక్కటే. రాజమండ్రి నుంచి సముద్రాలు దాటి వచ్చి మొబేనిలో ఓ ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేరిన మనిషి, భార్య కమలాదేవితో వెరులంలో గంగమ్మ గారింటి వెనక గదుల్లో అద్దెకుంటున్నాడు. శుక్రవారం కొన్న పాత టీవీకి రిమోట్ లేదు. "ఏమండీ, కాస్త సౌండు తగ్గించండి", "ఏమండీ, ఆ రెండోది పెట్టండి" అని కమలాదేవి కూర్చున్న చోటి నుంచే ఆజ్ఞలు వేస్తుంటే, లేచీ కూర్చునీ ఆయన నడుము పట్టేసింది.

అందుకని శనివారమంతా ఏ కంపెనీ టీవీకైనా పనికొచ్చే రిమోట్ కోసం బజారులో తిరిగాడు. వంకాయలు ఏరినట్టు ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టి చూశాడు. ఒకటి బరువు, ఇంకొకటి జారిపోతోంది, మరొకదాని బటన్లు ఆవగింజలంత. చివరికి బొటనవేలు చాపకుండానే అన్నీ అందే లావుపాటి బటన్లది దొరికింది. కొట్టువాడు వాడకం కూడా చెప్పాడు: టీవీ వైపు చూపించి నొక్కుతూ పోతే, నొక్కినప్పుడల్లా అది ఒక్కో కంపెనీ టీవీని పలకరిస్తుంది, టీవీ ఆరిందంటే దొరికినట్టే.

ముందింట్లో ఆ ఆదివారం గంగమ్మకి పండగ. మనవరాలు తాష్లిన్ డాన్సు పదింటికి టీవీలో వస్తోంది. ఒక్కసారే వేస్తారట. తాతలు మన దేశం నుంచి చెరకు తోటల పనికి వచ్చి ఇక్కడ ఓడ దిగినప్పటి నుంచీ ఆ ఇంట్లో వాళ్ళెవరూ టీవీలో కనబడలేదు. తెల్లవాళ్ళ ఏలుబడిలో మొన్న మొన్నటి దాకా వాళ్ళకి ఓటుకే దిక్కులేదు, ఇక టీవీ ఎక్కడిది? ఆవిడ వీధి వీధినంతా పిలిచి, హాల్లో చాపలు పరిచింది.

గిరిధరరావు టీవీని దాని బటన్ నొక్కి పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి, రిమోట్ చూపించి నొక్కాడు. టీవీ ఆరలేదు. మళ్ళీ నొక్కాడు. ఉహుఁ. పాపం, ఆయన చూసుకోనిదల్లా ఒక్కటే. టీవీ పైన కిటికీ, కిటికీకెదురుగా సందు అవతల గంగమ్మ హాలు, ఆ హాల్లో ఇటే ముఖం పెట్టుకున్న గంగమ్మ టీవీ.

అది ఆరిపోయింది. "విషెన్, ప్లగ్గు చూడు" అంది గంగమ్మ కొడుకుతో. విషెన్ ప్లగ్గు కదిపి టీవీ పెట్టాడు. ఇక్కడ గిరిధరరావు నొక్కుతూనే ఉన్నాడు. కాసేపటికి అది మళ్ళీ ఆరింది. విషెన్ కప్పెక్కి యాంటెన్నా తిప్పి వచ్చాడు. మళ్ళీ ఆరింది. గంగమ్మ లేచి, పోయిన భర్త ఫొటో ముందు నిలబడింది.

"జార్జ్, నువ్వేనా? బతికినన్నాళ్ళూ గుర్రాల రేసు తప్ప ఏదీ చూడనియ్యలే. సచ్చినా అదే పనా? పిల్ల డేన్సు ఒక్కటి చూడనీ, మేన్."

కర్పూరం వెలిగించి, ఆయనకిష్టమైన మందు ఓ గ్లాసు పోసి పెట్టింది. జార్జ్ కరగలేదు.

"ముందింట్లో పూజ చేస్తున్నట్టున్నారండీ" అంది కమలాదేవి, కర్పూరం వాసన తగిలి.

అంతలో విషెన్ గుమ్మంలో నిలబడ్డాడు. "రావ్, అమ్మ పిలుస్తది. టీవీ ఫినిష్. నువ్వు ఇంజినీర్, వచ్చి చూడు."

గిరిధరరావు రిమోట్‌తోనే వెళ్ళాడు. "ఇది అన్ని టీవీలకీ పనికొస్తుందండీ" అని నొక్కుతూ పోయాడు. నాలుగు నొక్కులకి టీవీ వెలిగింది. హాలంతా అమ్మయ్య అనుకుంది. సరిగ్గా అప్పుడే తెర మీది అమ్మాయి, తరవాత వచ్చేది వెరులం తాష్లిన్ అని చెప్పింది. గంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సౌండు పెంచి మెప్పు పొందుదామని గిరిధరరావు సౌండు బటన్ అనుకుని ఆర్పేది నొక్కాడు. టీవీ ఆరింది. ఆయన బుర్రలో అప్పుడేదో మెరిసింది గానీ, మెరిసింది బయటికి చెప్పే ధైర్యం చాల్లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, విషెన్ కంగారులో పొడిచిన పొడుపుకి టీవీ స్విచ్చి లోపలికి దిగిపోయి ఇరుక్కుంది.

గంగమ్మ చాప మీద కూలబడింది. "పోయింది. నా బిడ్డని నేను చూడలే" అని గొల్లుమంది. గిరిధరరావుకి నిజంగానే ఏడుపొచ్చింది.

సందు అవతలి కిటికీలోంచి కమలాదేవి తాపీగా పిలిచింది. "ఏమండీ, మన తాష్లిన్ కాదూ? ఇక్కడొస్తోంది."

వీధి వీధంతా వెనక గదిలోకి ఉరికింది. మంచమెక్కినవాళ్ళు మంచమెక్కారు. తెర మీద తాష్లిన్ గజ్జెలతో నిలబడి దణ్ణం పెట్టి, ఎగిరి అడుగేసింది. గంగమ్మ రెండు చేతులతో టీవీని పట్టుకుని, ఆ పిల్ల ఎటు కదిలితే అటు తల తిప్పుతూ ఏడ్చింది. ఎవరో వెనకనుంచి గిరిధరరావుని తోశారు. చేతిలో రిమోట్, వేలు బటన్ మీద పడింది.

టీవీ చలించలేదు. తాష్లిన్ ఆడుతూనే ఉంది.

డాన్సయ్యాక ఆయన అయోమయంగా అడిగాడు. "ఇది మాత్రం ఎందుకు ఆరదే?"

"ఏమోనండీ. శుక్రవారం ఇంట్లోకి రాగానే నేను దానికి బొట్టు కూడా పెట్టాను. కింద చిన్న నల్లద్దం ఉంటే, నుదురులా ఉందని అక్కడ పెట్టాను" అంది కమలాదేవి. రిమోట్ మాట టీవీ చెవిన పడే చోటు ఆ అద్దమే. దాని మీద రూపాయి కాసంత పసుపు, పైన కుంకుమ, ఎండి పెచ్చు కట్టి ఉన్నాయి.

గంగమ్మకి ఈ శాస్త్రమంతా అక్కర్లేదు. "రావ్, నీ టీవీ మంచి టీవీ. ఎవరి మాటా వినదు, దాని పని అది చేస్తది. ఇది నాకియ్యి, నాది నువ్వు తీస్కో."

అద్దెకిచ్చిన ఇంటావిడ మాట. గిరిధరరావు మొహమాటం నటించాడు గానీ, లోపల ఎగిరి గంతేశాడు. రిమోట్‌కి చక్కగా లొంగే టీవీ అదేనని ఆయనకొక్కడికే తెలుసు. విషెన్ చెంచాతో స్విచ్చి బయటికి లాగి, సాయంత్రానికి టీవీని మోసుకొచ్చి కిటికీ కింద దింపాడు.

గిరిధరరావు నడుం కింద దిండు సర్దుకుని, కుర్చీలో వాలి, రిమోట్ చేతిలోకి తీసుకునేసరికి, కొత్తగా ఇంట్లోకొచ్చిన టీవీకి కమలాదేవి బొట్టు పెట్టేసి చేతులు కడుక్కుంటోంది.