చెడిపోని డిస్కు

ప్రజలకు సంతోషంతో తెలియజేయునది: కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న మా మండల కార్యాలయానికి ఎన్నటికీ చెడిపోని హార్డ్ డిస్కు దొరికింది. ఇది 2006 జూలై నాటి సంగతి.

పాత డిస్కు ఒక సోమవారం ఉదయం టక్కుటక్కుమని ఆగిపోయింది. మండలంలోని పొలాలు, ఇళ్లు, మనుషుల వివరాలన్నీ అందులోనే ఉన్నాయి. జిల్లా కేంద్రంలో సీడీల మీద నకలు ఉంది కాబట్టి ఎవరూ కంగారు పడలేదు, రైతు ఈరేష్ కూతురు సుజన తప్ప. గురువారం కర్నూలులో ఆమెకు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్. నివాస ధ్రువపత్రం చూపించాలి. చేతిరాత పత్రం చెల్లదని, కంప్యూటర్లోంచి వచ్చిందే చెల్లుతుందని అంతకు ముందు నెలలోనే ఉత్తర్వు వచ్చింది.

తహసీల్దారు రాఘవేంద్రప్రసాద్ గారు ఆలస్యం చేయలేదు. ఆ మధ్యాహ్నమే సభ పెట్టారు.

"కంపెనీల మాట నమ్మి మోసపోయే కాలం పోయింది. ఏ డిస్కు మన్నికైనదో వాడినవారే చెప్పాలి. ప్రజల అనుభవమే ప్రభుత్వానికి ప్రమాణం," అని ప్రసంగించారు. చప్పట్లు మోగాయి.

మొదట ఇంటర్నెట్ సెంటర్ మురళి లేచాడు. అతని కంప్యూటర్లు పొద్దున తెరిస్తే రాత్రి దాకా నడుస్తాయి.

"గజరాజ్ కంపెనీ డిస్కులు రెండు పోయినాయి సార్. వాయువేగది ఒకటి పోయింది. శుభలక్ష్మిది గూడ ఒకటి పోయింది. దినామూ తిరిగేది ఏదైనా ఒగనాడు పోతాది. ఏదో ఒకటి కొని, నకలు దగ్గర పెట్టుకోండి."

సభ ఈ సాక్ష్యాన్ని శ్రద్ధగా పరిశీలించింది. అన్ని కంపెనీల డిస్కులూ ఒకే మనిషి దగ్గర పోయాయి కాబట్టి లోపం మనిషిదేనని తేల్చింది.

"నీ చేతి మహిమప్పా అది," అన్నారు ఎరువుల వ్యాపారి రామకోటయ్య శెట్టి. "మా అంగట్లో ఉండేది శుభలక్ష్మే. ఏడేండ్లాయ. ఒగనాడన్నా కుయ్యిమన్లేదు."

తహసీల్దారు గారు స్వయంగా తనిఖీకి వెళ్లారు. రామకోటయ్య గారి కంప్యూటరు గల్లాపెట్టె పక్కన, కంపెనీ వేసిన ప్లాస్టిక్ కవరులోనే ఉంది. ఏటా దసరాకు కవరు తీసి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి, మళ్లీ తొడుగుతారు. వైరు కట్ట విప్పలేదు.

"స్విచ్ యాడుండాదప్పా?" అని వెంట వచ్చిన గుమాస్తా దాసన్న అడిగాడు.

"ఎవురికి తెలుసు? మేం దాని జోలికి పోం."

ఏడేళ్లలో లోపాలు లేవు, మరమ్మతులు లేవు అని నివేదిక తయారైంది. అది విని మురళి నవ్వాడు గానీ, ఆ నవ్వును నివేదికలో చేర్చలేదు.

బుధవారం కార్యాలయానికి కొత్త శుభలక్ష్మి డిస్కు వచ్చింది. జిల్లా కేంద్రం నుంచి సీడీలు తెప్పించి వివరాలు ఎక్కించారు. ఇంకా నకలు ఉంచుకుంటే మంచి డిస్కును అనుమానించినట్లవుతుందని సీడీలను విరగ్గొట్టించారు. తర్వాత కంప్యూటరు ఆపేసి, కొబ్బరికాయ కొట్టి, కవరు తొడిగి, వైరు చుట్టి పెట్టారు.

"రామకోటయ్య గారి డిస్కు లాంటిదే కొన్నాం. ఆయన వాడిన పద్ధతిలోనే వాడితేనే ఆయనకు వచ్చిన ఫలితం మనకూ వస్తుంది," అన్నారు తహసీల్దారు గారు.

గుమ్మం దగ్గర సుజన నిలబడి ఉంది. పక్కన ఈరేష్.

"సార్, రేపే నా కౌన్సెలింగ్. ఒక్కసారి స్విచ్ వేయండి సార్. ఒక్క కాగితం."

"వేస్తే పోదని నువ్వు హామీ ఇస్తావా అమ్మా?"

సుజన తండ్రి వైపు చూసింది.

"ఒకరి కాగితం కోసం మండలం పొలాలన్నీ పణం పెట్టే అధికారం నాకు లేదు. ఇది ప్రజాస్వామ్యం. ప్రజలే తేల్చాలి."

వరండాలో జనం చాలా మందే ఉన్నారు. ఎవరి పని మీద వాళ్లు వచ్చినవాళ్లే. అందరికీ కంప్యూటర్లోంచి ఏదో ఒక కాగితం కావాలి.

"నీ సదువు కోసరం మా చేన్లు పోగొడతావా పాపా?" అంది గిడ్డమ్మ. ఆమె వచ్చింది పొలం కాగితం కోసమే.

"స్విచ్ వేయొద్దన్నవాళ్లు చేతులెత్తండి," అన్నారు తహసీల్దారు గారు.

చేతులు లేచాయి. సుజన వెనక్కి తిరిగి చూసింది. అన్నిటికంటే ఆలస్యంగా లేచిన చెయ్యి ఆమె పక్కనే ఉంది.

"నాయనా, నువ్వు గూడనా?"

ఈరేష్ చెయ్యి దించలేదు.

"మన చేను గూడ దాంట్లోనే ఉండాది గదమ్మా," అన్నాడు.