మాస్టారి వేలి మీద మూడు వందల పన్నెండు

ఆ సోమవారం పొద్దున కేకు మాస్టారు వేసుకున్న ప్లానులో రెండే పనులున్నాయి. ఒకటి, ఆరున్నరకల్లా బేకరీ తెరిచి, పన్నెండు రోజుల్లో రాబోయే ఒక పెళ్లి కేకు కోసం చక్కెర గులాబీలు చెయ్యడం మొదలుపెట్టడం. రెండు, సరిగ్గా ఏడింటికి, నోట్లో ఏమీ వేసుకోకముందే, కొత్తగా కొన్న మిషన్‌తో వేలికి సూది గుచ్చుకుని షుగరెంతుందో చూసుకోవడం. రెంటినీ ఒకే బల్ల దగ్గర కానిచ్చేస్తే టైము కలిసొస్తుందని ఆయన లెక్క. ఆ కలిసొచ్చిన టైమంతా తర్వాత ఎటు పోయిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మాస్టారికి షుగరుందని బయటపడి అప్పటికి రెండున్నర నెలలు. ఇరవై ఆరేళ్లుగా క్రీము రుచి చూడటమే ఉద్యోగంగా బతికిన మనిషి కాబట్టి వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. డాక్టరమ్మ మాత్రం నిదానంగానే మాట్లాడారు. మూడు నెలల సగటు చూపించే రక్తపరీక్షలో ఎనిమిది పాయింటు రెండు వచ్చిందనీ, అది ఏడు లోపుండాలనీ చెప్పారు. ఇప్పుడే మాత్ర మొదలుపెట్టవచ్చుననీ, పట్టుదల ఉందంటే ముందు మూడు నెలలు తిండితో, నడకతో ప్రయత్నించి చూడవచ్చుననీ అన్నారు. అప్పటికీ దిగకపోతే మాత్ర రాస్తారు. ఆవిడ చెప్పింది ఇంతే.

విన్నవాళ్లు మాత్రం ఇద్దరు. మాస్టారు విన్నదేమిటంటే, ఇదొక పరీక్ష, మాత్ర అంటే ఫెయిలు. ఆయన భార్య విన్నదేమిటంటే, ఈయన నోరు కట్టుకుంటే షుగరు దిగుతుంది, దిగలేదంటే కట్టుకోలేదన్నమాట. అంటే డాక్టరమ్మ కాగితం మీద మాత్ర పేరు రాసిన మరుక్షణం మాస్టారు తన సొంత షాపులోనే దొంగ అయిపోతారు. ఇంట్లో ఈ ఒప్పందం ఎవరూ పైకి అనలేదు గానీ, ఇద్దరికీ బాగా తెలుసు.

మాస్టారు నిజంగానే నోరు కట్టుకున్నారు. క్రీము నాలిక చివర పెట్టుకోవడం కూడా మానేసి, వాసన చూసి సరిపెట్టుకున్నారు. రోజూ సాయంత్రం నలభై నిమిషాలు పార్కు చుట్టూ నడిచారు. పళ్లెంలో సగం ఆకుకూరలే. బెల్టుకి కొత్తగా రెండు చిల్లులు పొడిపించారు. ఇంక పన్నెండు రోజులు గడిస్తే పరీక్ష. ఈలోగా ఇంటి దగ్గరే రోజూ చూసుకుంటే ధైర్యంగా ఉంటుందని ఆ మిషన్ కొనుక్కొచ్చినవాడు బావమరిది. అతను ఉద్యోగం మారే మధ్యలో ఉన్నాడు. ఆ మధ్య మూడేళ్లుగా సాగుతోంది.

ఇప్పుడు గులాబీల సంగతి. చక్కెర ముద్దతో రేకులు వత్తేటప్పుడు చేతికి నీళ్లు తగలకూడదు. ఒక్క చుక్క తడి తగిలినా రేకు కరిగి జారిపోతుంది. అందుకని పని అయ్యేదాకా మాస్టారు చేతులు కడగరు. ముద్ద అంటుకోకుండా వేళ్లకి మెత్తటి చక్కెర పొడి రాసుకుంటారు, తుడుచుకోవాల్సి వస్తే ఏప్రానుకి తుడుచుకుంటారు. ఆ ఏప్రానుని నిలబెడితే నిలబడుతుంది, అంత చక్కెర పట్టి ఉంటుంది.

సరిగ్గా ఏడింటికి మాస్టారు పద్నాలుగో గులాబీ పక్కన పెట్టి, వేళ్లు ఏప్రానుకి శుభ్రంగా తుడుచుకుని, సూది గుచ్చుకున్నారు. మిషన్ కాసేపు ఆలోచించి మూడు వందల పన్నెండు చూపించింది.

నిజాయితీపరుడు కాబట్టి ఆ నంబరుని అలాగే భార్యకి ఫోన్లో పంపించారు. పది నిమిషాల్లో ఆవిడ షాపులో ఉంది. పొద్దున్నించి ఏం తిన్నారని అడిగింది. ఏమీ తినలేదన్నారు. రాత్రి ఏం తిన్నారని అడిగితే, నువ్వు పెట్టిందే అన్నారు.

"నేను పెట్టిన ఆకుకూరకి మూడు వందలు రాదండీ," అంది ఆవిడ. "నేనూ తిన్నాను అదే."

మంగళవారం రెండు వందల ఎనభై ఏడు. బుధవారం మూడు వందల నలభై. గులాబీలు పెరిగాయి గానీ నంబరు దిగలేదు. మాస్టారు హడలిపోయి రాత్రి భోజనం సగానికి తగ్గించారు, పొద్దున కూడా అరగంట నడిచి కాలి మడమకి బొబ్బ తెచ్చుకున్నారు. ఇది చూసి భార్య కరగలేదు. షాపులో కడుపు నింపుకుంటున్నారు కాబట్టే ఇంట్లో పళ్లెం సగంలో వదిలేస్తున్నారని ఆవిడ తేల్చేసింది. తింటే తిన్నందుకు అనుమానం, మానేస్తే మానేసినందుకు అనుమానం. ఆ వారం మాస్టారు ఆకలేస్తోందని చెప్పడానికి కూడా భయపడ్డారు.

ఆదివారం షాపు మధ్యాహ్నం తెరుస్తారు. కాబట్టి ఆ రోజు స్నానం చేసొచ్చి ఇంట్లోనే వేలు గుచ్చుకున్నారు. నూట ముప్పై నాలుగు. మాస్టారు ఆనందంతో మిషన్‌ని కళ్లకద్దుకున్నారు. భార్య రోజూ నంబర్లు రాసిపెడుతున్న నోటుబుక్కు తెరిచి ఆ నంబరుని ఎర్ర సిరాతో రాసింది.

"ఇంట్లో నా కళ్ల ముందుంటే నూట ముప్పై నాలుగు. షాపులో ఒంటరిగా ఉంటే మూడు వందలు," అంది మెల్లగా. "ఇంకా నన్నేమైనా అడగమంటారా?"

ఆవిడ గొంతు పెంచి ఉంటే మాస్టారు కూడా పెంచేవారు. మెల్లగా అనేసరికి ఆయన మిషన్‌ని తీసి డబ్బాలో పెట్టేశారు. పైగా, తనకి తెలియకుండా తానేమైనా తింటున్నానేమోనని కాసేపు తన మీద తనకే అనుమానమొచ్చింది.

మర్నాటి నుంచి బావమరిదికి ఉద్యోగం దొరికింది. షాపులో మాస్టారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం, ఆయన చెయ్యి నోటి వైపు వెళ్తే ఆపడం. ఇది చాలదని మాస్టారి ముక్కూ నోరూ కప్పుతూ వెనక ముడి పడేలా ఒక గుడ్డ కట్టించింది భార్య. ముడి విప్పితే తెలిసేలా దానికి తన గుర్తుగా ఒక దారం కుట్టింది. ఇక రుచి చూసే పని ఎవరిదనే ప్రశ్న వచ్చింది. బావమరిది త్యాగానికి సిద్ధపడ్డాడు. బిస్కట్ల ట్రే ఓవెన్ లోంచి బయటికి రాగానే ఒకటి తిని బాగుందంటాడు, ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఇంకో మూడు తింటాడు. బావ ఆరోగ్యం కోసం తానింత కష్టపడుతున్నానని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు కూడా.

అన్నీ ఇంత కట్టుదిట్టంగా ఉన్నా సోమవారం వేలి మీద మూడు వందల అరవై ఐదు వచ్చింది. బావమరిది గుడ్డ ముడి చూశాడు, దారం చూశాడు, మాస్టారి జేబులు చూశాడు. వీధి చివర ఒకాయనకి షుగరు మాత్రలున్నాయి, నాలుగు అడిగి తెస్తానన్నాడు. ఒకరి మాత్ర ఇంకొకరికంటే, ఎవరి కళ్లజోడో తెచ్చి ఈయనకి పెట్టినట్టే అని అక్క కసిరితే ఆగాడు.

బుధవారం పెళ్లికూతురి తల్లి గులాబీలు ఎంతవరకు వచ్చాయో చూద్దామని వచ్చింది. అద్దాల వెనక మాస్టారు మూతికి గుడ్డతో ఉన్నారు. పక్కన కాపలా. ఆవిడ గులాబీలని వదిలేసి మాస్టారినే చూసింది.

"ఈయనకి ఆ గుడ్డేంటి బాబూ?" అని అడిగింది బావమరిదిని.

"ఇక్కడున్నదేదీ ఆయన నోట్లోకి పోకూడదని మా అక్క ఆర్డరండి. పోతే చాలా ప్రమాదమట."

ఆవిడ గులాబీల వైపు చూసింది. "ఇవన్నీ శనివారం మూడు వందల మంది నోట్లోకి పోతాయే," అంది.

ఆ మాటతో బావమరిది నోట్లోని బిస్కట్టు కూడా ఆగిపోయింది. మాస్టారు గుడ్డలోంచి ఏదో చెప్పబోయారు గానీ ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ ఇంకో బేకరీలో అడిగి చూస్తానని చెప్పి మెట్లు దిగింది. మధ్యాహ్నానికి ఈ వార్త వీధంతా తిరిగింది. పొద్దుటి బన్నులు పొద్దుటి చోటే ఉండిపోయాయి.

మాస్టారికి ఓపిక అయిపోయింది. షాపుకి తాళం వేసి, ఏప్రాను కూడా విప్పకుండా, భార్యని, బావమరిదిని, నోటుబుక్కుని వెంటపెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. మాత్ర రాసినా సరే, రెండు రాసినా సరే, ఈ గుడ్డ తీయించండని చెప్పడానికి.

డాక్టరమ్మ నోటుబుక్కులో నంబర్లన్నీ చదివారు. రోజూ మూడు వందలకి అటూ ఇటూ, ఒక్క ఆదివారం మాత్రం నూట ముప్పై నాలుగు. "చూశారుగా," అంది భార్య, కేసు గెలిచిన లాయరులా. డాక్టరమ్మ అక్కడే ఒకసారి చూద్దామన్నారు. మాస్టారు అలవాటుగా వేళ్లు ఏప్రానుకి తుడుచుకుని చెయ్యి చాపారు. మూడు వందల ఇరవై ఆరు.

డాక్టరమ్మ ఆ చేతిని వదల్లేదు. దీపం దగ్గరికి లాగి వేళ్లు తిప్పి చూశారు. గోళ్ల పక్కన తెల్లగా మెరుస్తోంది.

"ఇదేంటి మాస్టారూ?"

"చక్కెర పొడండి. పువ్వులు చేస్తుంటే ఉంటుంది."

"చేతులు కడుక్కోరా?"

"పని మధ్యలో చెయ్యి తడవకూడదండి," అన్నారు మాస్టారు, ఇంత పెద్ద డాక్టరుకి ఈ మాత్రం తెలీదా అన్నట్టు.

ఆవిడ ఆయన్ని పంపు దగ్గరికి పంపి సబ్బుతో కడిగించి, పొడిగా తుడిపించి, ఇంకో వేలు గుచ్చారు. నూట ముప్పై ఎనిమిది. తర్వాత ఆవిడ మాస్టారి ఏప్రాను మీద తన వేలు రాసి, అదే వేలికి సూది గుచ్చుకుని అందరికీ చూపించారు. రెండు వందల తొంభై.

"నాకు షుగరు లేదు. పొద్దున్నించి తీపి ముట్టలేదు కూడా," అన్నారు. "మీ మిషన్ పది రోజులుగా ఈయన రక్తాన్ని కాదు, ఈయన వృత్తిని కొలుస్తోంది."

మాస్టారు మెడలోకి జారిన గుడ్డ విప్పి, దారంతో సహా భార్య ఒళ్లో పెట్టారు. ఆవిడ దాన్ని మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. మనిషిని నమ్మడం గురించి మాస్టారు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చారు. దాని చివర, ఇక మాత్ర మాటే లేదు కదండీ అని డాక్టరమ్మ వైపు తిరిగారు.

ఆవిడ మాత్రం ఔనని అనలేదు. వేలి మీది నంబరు ఈ నిమిషానిది మాత్రమేననీ, మాత్ర కావాలా వద్దా అన్నది మూడు నెలల సగటు చూసి తేల్చాలనీ చెప్పి, చేతి నరంలోంచి రక్తం తీయించారు. గడువు ఎలాగూ ఆ వారంతో అయిపోతుంది.

మర్నాడు రిపోర్టు వచ్చింది. ఏడు పాయింటు నాలుగు.

నిన్న గెలిచిన కేసు ఇవాళ మళ్లీ ఓడిపోయినట్టుంది మాస్టారికి. భార్య వైపు చూడకుండా, "నేను నిజంగా ఏమీ తినలేదండి," అన్నారు.

"తెలుసు," అన్నారు డాక్టరమ్మ. "తిని ఉంటే ఎనిమిది పాయింటు రెండు దిగేదే కాదు. సరే, ఒకటి చెప్పండి. మీ ఓవెన్ పాతబడి, పిండి సరిగ్గా కలిపినా కేకు పొంగకపోతే ఎవర్ని తిడతారు?"

"తిట్టడమెందుకండీ. మంట కాస్త పెంచుతాను."

"ఇదీ అంతే. మీరు కలిపిన పిండి బాగానే ఉంది. ఒంట్లో ఓవెన్ కొంచెం అలిసింది. చేసినంతా చేశాక కూడా ఏడు దాటి ఉంది కాబట్టి మాత్ర. నడక మానకండి, తిండి మార్చకండి. మూడు నెలలకి మళ్లీ చూద్దాం."

భార్యకి ఈసారి సరిగ్గా వినపడింది. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే ఆవిడ మాస్టారి మోచెయ్యి పట్టుకుని, ఎవరికీ వినపడకుండా, తప్పయిపోయిందండీ అంది.

మాస్టారు మెట్టు మీదే ఆగిపోయారు. "వీధంతా చూసేలా మూతికి గుడ్డ కట్టి, ఇప్పుడు మెట్ల మీద గుసగుసలా? కుదరదు. నాకు రాతపూర్వకంగా కావాలి."

"దేని మీద రాయమంటారు?"

"నా షాపులో దేని మీద రాస్తారో దాని మీదే. అద్దాల్లో పెట్టాలి, వచ్చే పోయేవాళ్లు చదవాలి."

ఆ మధ్యాహ్నమే ఆర్డరు పడింది. కిలో కేకు, తెల్లటి క్రీము, చుట్టూ గులాబీలు. ఏం రాయాలని మాస్టారు పెన్సిలు పట్టుకుని వినయంగా అడిగారు. భార్య ఆలోచించి చెప్పింది. ఆయన చాక్లెట్టుతో, తన జీవితంలోకెల్లా అందమైన అక్షరాలతో "మీరు దొంగ కాదు" అని రాసి, దాన్ని ముందు అద్దాల మధ్య, లైటు కింద పెట్టారు. పక్కన నిలబడి, వీధి వైపు ముఖం పెట్టి, ఎవరైనా వచ్చి అడుగుతారని ఎదురుచూశారు. పెళ్లికూతురి తల్లి వచ్చింది. బావమరిది ఫోన్ చేసి చక్కెర వేళ్ల కథంతా చెప్పాడట, గులాబీలు తనకే కావాలంది. వెళ్తూ వెళ్తూ అద్దాల్లోని కేకు చదివి, మాస్టారి ముఖంలోకి చూసి, ఏమీ అడగకుండా సంచి చంకలో గట్టిగా పెట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రానికల్లా వీధంతా ఒకటే మాట: కేకు మాస్టారి మీద ఏదో దొంగతనం కేసుండేదట, సాక్ష్యాలు చాలక కొట్టేశారట.