కుప్పమ్మ వేలిముద్ర

ఆ ఉదయం తిరుపతిలో బస్సెక్కినప్పుడు పంకజాక్షి వేసుకున్న పథకం చాలా చిన్నది. నగరి చేరాలి. ఊరి చివర సిలోన్ నుంచి తిరిగొచ్చిన కుటుంబాల వీధిలో మధ్యాహ్నం లోపు కొన్ని ఇళ్లు చూసి వెనక్కి వచ్చేయాలి. అది 1979. వలస వచ్చినవారికి ప్రభుత్వ సాయం ఎందుకు అందడం లేదన్నది యూనివర్సిటీలో ఆమె పరిశోధన. మనిషి మాత్రం పిరికిది. తలుపు తట్టి, లోపల ఎవరూ లేకపోతే బాగుండునని కోరుకునే రకం.

మొదటి తలుపు కుప్పమ్మది. అరవై దాటిన కుప్పమ్మ తేయాకు తోటల్లో పుట్టి, ఐదేళ్ల కిందట ఓడ దిగి, ఇప్పుడు మరమగ్గాల షెడ్డులో నూలు చుడుతోంది. వచ్చినమ్మకు మజ్జిగ ఇచ్చి, అడిగినవన్నీ చెప్పింది. రేషన్ కార్డుకు అర్జీ పెట్టి రెండేళ్లయినా అతీగతీ లేదట.

"అవ్వా, మళ్లీ ఆ దేశానికి పోవాలని ఎప్పుడైనా అనిపిస్తుందా?"

"అనిపించకుండా ఎట్లుంటాది తల్లీ? ఆ కొండలు, ఆ సల్లగాలి! ఈడ ఎండకు సస్తాండాం."

పంకజాక్షి "అవును" అని రాసుకుని, కింద వేలిముద్ర వేయించుకుంది. కుప్పమ్మ సిరా అంటిన వేలు చూసుకుంది, కాగితం చూసింది, గోడకు ఆనుకుని కూలబడింది.

"ఆడ గూడా ఒకాయన ఇట్లనే వచ్చి, నీ దేశానికి పోతావా అని అడిగి ఏలిముద్ర ఏయించుకున్నాడు. మూడో నెల్లో ఓడెక్కించేసినారు."

ఇది చదువు కోసమేనని పంకజాక్షి నవ్వింది.

"ఆయన గూడా నవ్వినాడు తల్లీ."

పంకజాక్షి రెండో ఇంటికి చేరేసరికి, వీధి జనం మాటల్లో ఓడ మద్రాసు రేవులో సిద్ధంగా ఉంది. నాలుగో ఇంటి దగ్గర, జనాన్ని ఎక్కించుకోవడానికి వస్తున్న లారీలు పుత్తూరు దాటేశాయి. మగ్గాల చప్పుడు ఆగిపోయింది. ఓడలో కోళ్లను ఎక్కనివ్వరని ఎవరో అనడంతో, ఒకావిడ గుడ్లు పెట్టే పెట్టను ఏడ్చుకుంటూనే కోసి పొయ్యి మీద పెట్టింది.

కుప్పమ్మ అల్లుడు మునస్వామి మగ్గం వదిలి వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"మేడం, ఆ కాయితం సించేయండి."

భయంతో పంకజాక్షి నోట నిజమే వచ్చింది. "చించేయొచ్చండీ. నా దగ్గర ఇంకో కాపీ ఉంది."

"ఇంకో కాపీ గూడా ఉండాదంట!" వీధంతా గొల్లున ఏడ్చింది.

"అట్లయితే తాలూకాఫీసుకు పోదాం. ఓడెక్కే లిస్టులోంచి మా అత్త పేరు కొట్టేయించాల. మీరే ముందు నడవండి" అన్నాడు మునస్వామి.

నూరు మంది మూటలతో, ట్రంకు పెట్టెలతో బయలుదేరారు. కుప్పమ్మ పంకజాక్షి మణికట్టు పట్టుకుని వదల్లేదు.

ఆఫీసులో డిప్యూటీ తాశిల్దారు ధనంజయ కిటికీలోంచి చూశాడు. మూటలతో జనం, ముందు ఫైలు పట్టుకున్న చదువుకున్నమ్మ! కాఫీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"మేడం... ఎంక్వయిరీయా?"

"అవునండీ." ఆమె ఫైలు గుండెకు హత్తుకుంది. "వీళ్లకు సాయం ఎందుకు అందలేదని."

"రిపోర్టు యాడికి పోతాది?"

"ఢిల్లీకండీ. స్కాలర్‌షిప్ ఇచ్చేది..."

ధనంజయ చెవులు ఢిల్లీ దగ్గరే మూసుకుపోయాయి. రెండేళ్లుగా బీరువా మీద పడున్న అర్జీల కట్ట దిగింది, దుమ్ము లేచింది. సాయంత్రం నాలుగు లోపు వీధి మొత్తానికీ రేషన్ కార్డులు రాసి సంతకాలు పెట్టేశాడు.

కుప్పమ్మ కార్డు అందుకోవడానికి జంకింది. "ఇది తీసుకుంటే ఓడెక్కించరు గదా సామీ?"

"ఎవురమ్మా ఎక్కించేది? నీ ఊరు నగరి అని రాసేసినాను. ఇంక నువ్వు పోతానన్నా పోనీయం!"

కుప్పమ్మ ఆ ఊరి పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదివించుకుంది. అప్పుడు గానీ పంకజాక్షి చెయ్యి వదల్లేదు.

వారం తరువాత పక్క వీధి పెద్దలు ముగ్గురు తిరుపతి వచ్చి, హాస్టలు గేటు దగ్గర ఆమెకు దండం పెట్టారు.

"అమ్మణ్ణీ, మా వీధికి గూడా ఒక్కసారి వచ్చి భయపెట్టి పోండి."

పంకజాక్షి వెళ్లింది. అందరూ నవ్వుతూ కూర్చోబెట్టి, అడిగినవన్నీ చెప్పి, వరుసగా వేలిముద్రలు వేశారు. ఎవరూ భయపడలేదు కాబట్టి ఎవరికీ కార్డులు రాలేదు.