ఆకుపచ్చ పెన్సిల్

కర్నల్ ఎగ్బర్ట్ ఫాన్ లింగెన్ గారు ఆరేళ్ల యుద్ధంలో ఒక్క తూటా కూడా పేల్చలేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ సంగతి ఆయనే చెప్పారు. ఆయన పై అధికారి లిఖితపూర్వకంగా ధ్రువీకరించారు. ఆ పై అధికారి కూడా పేల్చలేదని కర్నల్ గారు అంతే లిఖితపూర్వకంగా ధ్రువీకరించారు. ఓడిపోయిన మూడేళ్లకు మా ఎల్లర్‌బెర్గ్ పట్టణంలో ఎవరిని కదిపినా పేల్చనివాళ్లే తేలారు. అంత పెద్ద యుద్ధం ఎలా జరిగిందా అని మాకూ ఆశ్చర్యంగానే ఉండేది.

కర్నల్ గారిది పుట్టుకతోనే కార్యాలయపు చెయ్యి. నాలుగో ఏట సీసపు సైనికులను ఎత్తు ప్రకారం నిలబెట్టి, పొట్టివాళ్లను పెట్టెలో పెట్టి మూత వేశారట. తల్లి మురిసిపోయి ఊరంతా చెప్పుకుంది. పెద్దయ్యాక ప్యాంటుకు రెండు పక్కలా, సైనిక ముఖ్య కార్యాలయపు అధికారుల గుర్తయిన ఎర్రచారలు వచ్చాయి. మా దేశంలో ఆ చారలున్న మనిషికి బురద అంటదు. బురదలో నడవడానికి వేరే మనుషులుంటారు.

తూర్పు సరిహద్దులో ఆయన ఒక సైనిక విభాగానికి సరఫరా అధికారి. ఆ విభాగపు ముఖ్య కార్యాలయం ఒక బడిలో ఉండేది. పిల్లలు ఏమయ్యారని ఎవరూ అడగలేదు కాబట్టి మేమూ అడగం. అక్కడ ప్రతి అధికారికీ ఒక రంగు పెన్సిల్. జనరల్ గారిది ఆకుపచ్చ, ఆయన కిందివారిది ఎరుపు, యుద్ధపథకాల అధికారిది నీలం, మన కర్నల్ గారిది గోధుమ. నాలుగు రంగులూ పడితేగాని కాగితం గది దాటదు. ఒకరి రంగు ఇంకొకరు ముట్టుకోవడమంటే పరాయివాడి పళ్లబ్రష్షు నోట్లో పెట్టుకోవడమే. గుమాస్తా సార్జెంట్ క్నోబెల్ రోజూ ఉదయం నాలుగింటినీ చెక్కి మొన తేల్చేవాడు.

ఒక డిసెంబరులో, నది అవతలి రెండు పల్లెలను తగలబెట్టాలన్న ఉత్తర్వు వచ్చింది. నాలుగు రంగులూ పదకొండు నిమిషాల్లో పడ్డాయి. ఒక పల్లె పేరులో అక్షరం తప్పుంటే కర్నల్ గారు దిద్దించి మరీ పంపారు. పల్లెలు లేకుండా పోయాయి, పేర్లు మాత్రం దస్త్రంలో తప్పుల్లేకుండా మిగిలాయి.

ఫిబ్రవరిలో ఇంకో కాగితం వచ్చింది. నది దగ్గర చిక్కుకున్న పటాలం వెంటనే వెనక్కి రావచ్చని. గోధుమ పడింది, నీలం పడింది, ఎరుపు పడింది. జనరల్ గారు పెన్సిల్ ఆనించగానే ఆకుపచ్చ మొన పుటుక్కున విరిగింది. చెక్కితే మళ్లీ విరిగింది. చివరికి వేలెడు ముక్క కూడా మిగల్లేదు. నిల్వలో ఇంకోటి లేదు.

“ఎర్రది ఇమ్మంటారా, జనరల్ గారూ?” అన్నాడు క్నోబెల్, ఉండబట్టలేక.

“నీకు మతి పోయిందా?” అన్నారు కర్నల్ గారు. “మనం గుడారాల్లో బతికే జిప్సీలమా?”

పెన్సిళ్లు సరఫరా కిందికి వస్తాయి, సరఫరా కర్నల్ గారి కిందికి వస్తుంది. కనుక ఆయన క్షణం వృథా చేయకుండా ఒక ఆకుపచ్చ పెన్సిల్ కోసం మూడు ప్రతుల్లో ఇండెంటు రాసి, మోటారు సైకిలు మీద వెనక డిపోకి పంపారు. ఆరు గంటల్లో పెన్సిల్ వచ్చింది, రసీదుతో సహా. అంతటి మంచు తుఫానులో ఆరు గంటలంటే ఘనకార్యమని అందరూ మెచ్చుకున్నారు. నది దగ్గర అప్పటికి వెనక్కి రావడానికి ఎవరూ మిగల్లేదు. నాలుగువందల పన్నెండు మంది. ఉత్తర్వును మాత్రం దస్త్రంలో చేర్చారు.

యుద్ధం పోయింది, చారలు పోయాయి. కర్నల్ గారు భార్య ఓటిలీతో కలిసి ముల్లంగి సూపు తాగుతూ రోజులు నెట్టారు. అంతలో అదృష్టం తలుపు తట్టింది. జిల్లా రవాణా శాఖకు క్రమశిక్షణ గల మనిషి కావలసి వచ్చాడు. సోమవారం చేరాలి. కానీ యుద్ధకాలపు నేరాల్లో ఈయన నిర్దోషి అని ఊరి విచారణ మండలి తేల్చిన కాగితం లేకుండా చేర్చుకోరు. ఆ కాగితాన్ని మా ఊళ్లో సబ్బుపొడి అనేవాళ్లం. ఎంత మరకైనా పోయేది.

శుక్రవారం విచారణ. హాల్లో బొగ్గు లేదు గనుక వచ్చినవాళ్లు తలా ఒక బొగ్గు ఇటుక తెచ్చి పొయ్యిలో వేశారు. అధ్యక్షులు మందుల షాపు క్వాస్ట్ గారు పాస్టరు గారి ఉత్తరం, పంటి డాక్టరు ఉత్తరం చదివించారు. పళ్లు పీకినా కర్నల్ గారు ఎవరినీ తిట్టలేదట. అందరూ తలలూపారు.

అప్పుడు వెనక వరసలోంచి హెడ్విగ్ యాంకె లేచింది. ఇస్త్రీ పని చేసుకునే మనిషి. కొడుకు బెర్ంట్ ఆ నది దగ్గరే పోయాడు. ఇప్పుడు పురపాలక కార్యాలయంలో గుమాస్తాగా ఉన్న క్నోబెల్ ఆమెకు పెన్సిల్ సంగతంతా చెప్పాడు.

“నాకు శిక్షలూ గిక్షలూ ఏం వద్దయ్యా,” అంది. “ఒక్క మాట చెప్పండి చాలు. ఆ రోజు వేరే పెన్సిల్‌తో ఎందుకు గీకలేదు?”

కర్నల్ గారు లేచి నిలబడ్డారు. “అమ్మా, మీ దుఃఖానికి తల వంచుతున్నాను. కానీ నా గోధుమ గుర్తు సమయానికే పడింది. ఇండెంటు నకలు ఇదిగో. నియమం అనేది మనిషికి వెన్నెముక. దాన్ని ఒక్కసారి వంచితే దేశమే కూలిపోతుంది!”

“దేశం కూలిపోనే పోయింది కదండీ,” అంది యాంకె.

“మధ్యలో మాట్లాడకమ్మా, కూర్చో,” అన్నారు క్వాస్ట్ గారు మర్యాదగా. పక్కనున్న ఆడవాళ్లు ఆమె శాలువా పట్టుకు లాగి కూర్చోబెట్టారు.

నిర్దోషి అని తీర్పు రాశారు. అధ్యక్షుల సంతకం ఆకుపచ్చతో పడాలన్నది సైన్యంలోలాగే మా ఊరి కార్యాలయాల్లోనూ ఉన్న పాత నియమం, దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. క్వాస్ట్ గారు జేబులు తడిమారు. సొరుగు లాగారు. పక్కవాళ్లను అడిగారు. లేదు.

“అయితే వచ్చే నెలకు వాయిదా,” అన్నారు.

కర్నల్ గారు ఒక్క ఉదుటున లేచారు. 

“వచ్చే నెలా! సోమవారం ఉద్యోగం పోతుందండీ!” అని అరిచారు ఆయన. “ఏ రంగయితే ఏమిటయ్యా? గీకెయ్యండి! ఇక్కడ ఒక మనిషి బతుకు ఆగిపోతుంటే, పెన్సిల్ రంగు చూసుకుంటూ కూర్చుంటారా?”

 ఎవరో “నిజమే కదా” అన్నారు. “నియమాలు మనుషుల కోసమే గానీ” అన్నారు ఇంకొకరు. క్వాస్ట్ గారు ఎర్ర పెన్సిల్‌తో సంతకం పెట్టేశారు. చప్పట్లు మోగాయి. మేమూ కొట్టాం.

అందరూ వెళ్లిపోయాక యాంకె బల్ల దగ్గరికి నడిచింది. చేతిసంచీలోంచి కొత్త ఆకుపచ్చ పెన్సిల్ ఒకటి తీసి తీర్పు కాగితం పక్కన పెట్టి వెళ్లిపోయింది. దస్త్రాలు సర్దుతున్న క్నోబెల్ ఒక్కడే చూశాడు.

తర్వాతి వారం ఆమె ఇంటికి పురపాలక కార్యాలయం నుంచి ఒక పొట్లం వచ్చింది. లోపల పెన్సిల్, ఒక చీటీ: “హాల్లో తాము మరచిపోయిన వస్తువు. ముట్టినట్టు సంతకం చేసి పంపగలరు.” చీటీ మీద నాలుగు రంగుల గుర్తులూ ఉన్నాయి. ఎవరి వస్తువు వాళ్లకు చేర్చడంలో మా ఊరివాళ్లం ఎప్పుడూ ఆలస్యం చెయ్యం.