ఏ మతానికీ చెందని కప్పు

"బడిలో పాఠాలకంటే ముందు పరమాత్మ ఉండాలి!" అని విద్యామంత్రిగారు ఆదిలాబాద్ సభలో సెలవిచ్చారు. మర్నాటి నుంచి రెండు పత్రికలు కత్తులు నూరాయి. మతబోధ లేక పిల్లలు చెడిపోతున్నారని 'ధర్మఘోష', మతబోధ వస్తే చెడిపోతారని 'లోకదృష్టి'. పిల్లలు చెడిపోవడం మీద మాత్రం రెంటిదీ ఒకే మాట.

ఇచ్చోడ దగ్గరి పల్లెలో సిద్దిరాములు పంతులు ఇదంతా చదివి పొంగిపోయాడు. బడి గురించి ఇంతమంది పెద్దలు నిద్ర మానుకుంటున్నారంటే మాటలా! ఆయన బడికి కప్పు లేదు. గాలివానకు రేకులు ఎగిరిపోయాయి.

ఆ రెండు పత్రికల విలేకరులు ఒకే జీపులో దిగారు.

"పిల్లలు ప్రార్థన చేస్తారా?" అని ధర్మఘోష విలేకరి అడిగాడు.

"చేస్తరు సార్. వాన రావద్దని."

"ఏ దేవుడికి?" లోకదృష్టి విలేకరి కలం తీశాడు.

"ఎవరు ఆపితే గాయనకే సార్."

బిడ్డను దింపడానికి వచ్చిన లస్మవ్వ ఉండబట్టలేకపోయింది. "జర కప్పు సంగతి రాయుండ్రి సార్. తడిసి తడిసి నా బిడ్డకు జరమొచ్చింది."

"కప్పు మీద వివాదం లేదమ్మా. వివాదం లేనిది వార్త కాదు," అన్నాడు లోకదృష్టి విలేకరి జాలిగా.

జీపు కదులుతుండగా సిద్దిరాములుకు ఉపాయం మెరిసింది.

"ఉన్నది సార్! కప్పుకు గూనపెంక ఏస్తే గుడి లెక్క ఉంటదని కొందరు, వద్దని కొందరు. తలకాయలు పగిలేటట్టున్నయ్!"

జీపు ఆగింది.

మర్నాడు 'కప్పులో దైవత్వం' అని ఒక పత్రిక, 'కప్పు ముసుగులో మతం' అని మరొకటి. కరీంనగర్‌లో రెండు ఊరేగింపులు ఎదురెదురుపడ్డాయి. మంత్రిగారు తక్షణం కమిటీ వేశారు.

"కప్పొస్తున్నదవ్వా," అని సిద్దిరాములు లస్మవ్వకు మాటిచ్చాడు.

కమిటీ వచ్చింది. బడి మధ్యలో నిలబడి పైకి చూసింది. ఆకాశం.

"ఇది ఏ మతానికీ చెందదు!" అన్నాడు అధ్యక్షుడు పరవశించి. ఆస్తికులకు అందులో దేవుడు కనిపించాడు, మిగతావారికి ఎవరూ కనిపించలేదు. ఆకాశమే కప్పుగా ఉండాలన్న తీర్మానం ఏకగ్రీవం.

"వానకాలం సార్..." అని సిద్దిరాములు గుర్తుచేశాడు.

"వానకు మాత్రం మతముందా పంతులుగారూ?"

అది జిల్లాకే ఆదర్శ పాఠశాల అయింది. పంతులుకు శాలువా, పదోన్నతి, మిగతా బడులనూ ఆదర్శంగా తీర్చే కొత్త బాధ్యత దొరికాయి.

వారం తిరక్కుండా ఆయన పక్కూరి బడికి నిచ్చెన వేయించాడు. అక్కడి పంతులు బాలమల్లు నివ్వెరపోయాడు.

"మా బడికి కప్పు మంచిగనే ఉన్నది గద సార్?"

"గదే తప్పు బాలమల్లూ," అన్నాడు సిద్దిరాములు, మొదటి మెట్టెక్కుతూ. "నిచ్చెన గట్టిగ పట్టు."